పెట్టుడు గడ్డం పెట్టినట్టు తెలియకుండా: వేషానికి నప్పే గడ్డాన్ని ఎంచుకునే సమగ్ర మార్గదర్శి

పెట్టుడు గడ్డం కొనడానికి వెళ్లిన వారిలో ఎక్కువ మంది ముందుగా చూసేది దాని గుబురు. ఎంత ఒత్తుగా, ఎంత పొడవుగా, ఎంత నల్లగా ఉంటే అంత బాగుంటుందని అనుకుంటారు. తీరా ముఖానికి తగిలించుకున్నాక అద్దంలో కనిపించేది గడ్డం పెరిగిన మనిషి కాదు, ముఖానికి బొచ్చుగుడ్డ కట్టుకున్న మనిషి. లోపం సాధారణంగా వెంట్రుకల్లో ఉండదు. గడ్డం మొదలయ్యే చోట, అంటే చర్మానికీ వెంట్రుకలకీ మధ్య ఉన్న అంచులో ఉంటుంది. నిజమైన గడ్డానికి గీత గీసినట్టుండే అంచు ఉండదు. అది బుగ్గ మీద ఒకటీ అరా వెంట్రుకలతో మొదలై, కిందికి దిగేకొద్దీ చిక్కబడుతుంది. కాబట్టి గడ్డాన్ని గుబురు చూసి కాక అంచు చూసి ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం. ఈ వ్యాసంలో పొడవు గురించి మాట్లాడినా, రంగు గురించి మాట్లాడినా, జిగురు గురించి మాట్లాడినా తిరిగి తిరిగి ఆ అంచు దగ్గరికే రావలసి ఉంటుంది.

మొదటి మెట్టు: ఎవరు చూస్తారు, ఎంత దూరం నుంచి చూస్తారు

ఎంపిక దుకాణంలో కాదు, కాగితం మీద మొదలవుతుంది. చూసేవారు ఎంత దగ్గరగా ఉంటారు, గడ్డం ఎన్ని గంటలు ముఖం మీద నిలవాలి, ఆ సమయంలో మీ నోరు ఏయే పనులు చేయాలి అన్న మూడు ప్రశ్నలకు ముందుగా జవాబులు రాసుకోండి. రంగస్థలం మీద మొదటి వరుసలోని ప్రేక్షకుడు కూడా మూడు నాలుగు మీటర్ల అవతలే ఉంటాడు కనుక అంచు కొంచెం మొరటుగా ఉన్నా లైట్ల వెలుగులో కలిసిపోతుంది. అక్కడ అంచు కంటే ఆకారం ముఖ్యం, ఎందుకంటే చివరి వరుస నుంచి చూసేవారికి గడ్డం ఒక నల్లని లేదా తెల్లని ఆకృతిగా మాత్రమే అందుతుంది. విందులో ఎదురుగా నిలబడి మాట్లాడే స్నేహితుడు అర మీటరు దూరంలో ఉంటాడు. అతని కళ్లు మీ నోటి మీదే ఉంటాయి కాబట్టి పై పెదవి చుట్టూ ఉన్న భాగం అన్నిటికంటే బాగుండాలి. కెమెరా వీరిద్దరికంటే నిర్దయమైనది. దగ్గరి షాట్‌లో వెంట్రుకలను ముడివేసిన నెట్టు (సన్నని వలగుడ్డ) గళ్లు, ఎండిన జిగురు మెరుపు, ఒకే పొడవున తెగిన వెంట్రుకల కొసలు అన్నీ పట్టుబడతాయి.

నోటి పని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. కదలకుండా కూర్చునే ముసలి తాత వేషానికి ఏ గడ్డమైనా చెల్లుతుంది. అదే తాత గొంతెత్తి అరవాలన్నా, పాడాలన్నా, తినాలన్నా మీసమూ గడ్డమూ కలిసిన ఒకే ముక్క పనికిరాదు. మీసం వేరుగా, గడ్డం వేరుగా ఉన్నదే తీసుకోవాలి. ఎక్కువ మాటలున్న నటులకు గడ్డాన్ని కూడా చుబుకం ముక్క, రెండు చెంపల ముక్కలు అని విడదీసి తయారు చేయడం రంగస్థల అలంకరణలో మామూలే. ముక్కలు పెరిగితే అతికించే శ్రమ పెరుగుతుంది, కానీ దవడ స్వేచ్ఛగా కదులుతుంది.

రెండో మెట్టు: అసలు గడ్డాన్ని పరిశీలించడం

కొనడానికి ముందు నిజమైన గడ్డాల ఫోటోలు పది పదిహేను దగ్గర పెట్టుకుని, ఒక్కొక్కదానినీ పెద్దది చేసి చూడండి. చాలామంది దాటవేసే పని ఇదే, కానీ గడ్డం నచ్చడానికీ నమ్మించడానికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది.

ముందుగా ఖాళీలను చూడండి. కింది పెదవి కింద మధ్యలో చిన్న కుచ్చు ఉంటుంది. దానికి రెండు పక్కలా చాలామందికి వెంట్రుకలు లేని, లేదా బాగా పలచగా ఉన్న రెండు చిన్న మచ్చల్లాంటి చోట్లు ఉంటాయి. ముక్కు కింది గాడి దగ్గర మీసం పలచబడి, అక్కడి నుంచి రెండు వైపులకూ విడిపోతుంది. పెదవుల మూలల దగ్గర మీసం గడ్డంతో కలిసే చోట సన్నని వంతెనలాగా కొద్ది వెంట్రుకలే ఉంటాయి, కొందరికి అవి కూడా ఉండవు. బజారు గడ్డాల్లో ఈ ఖాళీలు ఏవీ ఉండవు. నోటికి ఒక రంధ్రం వదిలి మిగతా అంతా సమానంగా నింపేస్తారు. ఆ సమానత్వమే ముందుగా కంట్లో పడే అబద్ధం.

తర్వాత వెంట్రుకల దిశను చూడండి. బుగ్గల మీద అవి కిందికీ కొంచెం ఏటవాలుగానూ, మీసంలో మధ్య నుంచి పక్కలకూ, చుబుకం మీద కిందికీ ముందుకూ వాలి ఉంటాయి. దవడ కింద, గొంతు మీద మాత్రం దిశ మారిపోతుంది; చాలామందికి అక్కడ వెంట్రుకలు పక్కకు, లేదా పైకి కూడా తిరిగి ఉంటాయి. చేత్తో గొంతు మీద నిమిరి చూసుకున్న ప్రతి మగవాడికీ ఈ సంగతి తెలుసు, అయినా గడ్డం అతికించేటప్పుడు మరచిపోతాడు.

చివరగా వెంట్రుక స్వభావం. గడ్డం వెంట్రుక తల వెంట్రుక కంటే మందంగా ఉంటుంది, గుండ్రంగా కాక నొక్కినట్టుగా ఉండటం వల్ల మెలికలు తిరుగుతుంది. అందుకే తల జుట్టు చక్కగా నిటారుగా ఉన్నవారికి కూడా గడ్డం ఉంగరాలు తిరగవచ్చు. పట్టులాగా జారిపోయే గడ్డాన్ని చూడగానే మనసుకు ఏదో తేడాగా తోచడానికి కారణం ఇదే.

మూడో మెట్టు: పాత్ర కథను బట్టి పొడవును లెక్కించడం

గడ్డం సగటున నెలకు ఒక సెంటీమీటరు, లేదా అంతకంటే కొంచెం ఎక్కువ పెరుగుతుంది. ఈ ఒక్క లెక్కతో చాలా పొరపాట్లు తప్పుతాయి. పది రోజులుగా నిద్రాహారాలు లేని మనిషికి మూడు నాలుగు మిల్లీమీటర్ల గడ్డమే ఉంటుంది. మూడు నెలలు సముద్రంలో చిక్కుకున్నవాడికి మూడు నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది. రొమ్ము మీదికి దిగే గడ్డం కావాలంటే పాత్ర కనీసం రెండేళ్లు కత్తెర ముట్టకుండా ఉండాలి. ఎవరూ కత్తిరించని గడ్డం కొసలు ఎగుడుదిగుడుగా, సన్నగా, కొంచెం లేత రంగులో ఉంటాయి. రాజసం ఉట్టిపడే పాత్రకు కత్తిరించి దువ్విన అంచు, దిక్కులేని పాత్రకు చెదిరిన అంచు సరిపోతాయి.

అర సెంటీమీటరు కంటే పొట్టి గడ్డం కావలసి వచ్చినప్పుడు తయారుగా దొరికే గడ్డాల జోలికి వెళ్లవద్దు. మాసిన గడ్డాన్ని రంధ్రాలు పెద్దవిగా ఉన్న గరుకు స్పాంజితో నలుపు, గోధుమ, బూడిద రంగులను పొరలు పొరలుగా చుక్కలు అద్ది చూపించవచ్చు. లేదా వెంట్రుకలను దాదాపు పొడిలాగా సన్నగా తరిగి, పలచగా జిగురు పూసిన చర్మం మీద మెత్తని కుంచెతో అద్దవచ్చు. ఇంకా మంచి ఉపాయం కూడా ఉంది. మీకు గడ్డం వచ్చేదే అయితే వారం ముందు నుంచి గీసుకోకుండా ఉండి, పలచగా ఉన్న చోట్ల మాత్రం పెన్సిల్‌తో సన్నని గీతలు దిద్దుకోండి. సొంత గడ్డానికి సాటి వచ్చే పెట్టుడు గడ్డం ఇంతవరకు నేను చూడలేదు.

నాలుగో మెట్టు: రకాన్ని నిర్ణయించుకోవడం

సాగే తాడుతో చెవులకు తగిలించుకునే గడ్డం అన్నిటికంటే చౌక, అన్నిటికంటే సులభం. వెంట్రుకలను మందపాటి గుడ్డ మీద కుట్టి ఉంటారు కాబట్టి బుగ్గ మీద దాని అంచు గోడకు వేసిన రంగు పట్టీలాగా కనిపిస్తుంది, మాట్లాడినప్పుడల్లా మొత్తం గడ్డం పైకీ కిందికీ ఊగుతుంది. అయితే పిల్లలకు ఇదే సరైనది. చిన్నపిల్లల చర్మానికి ఘాటైన జిగురు పూయకూడదు, వారు ఎప్పుడంటే అప్పుడు గడ్డాన్ని లాగి పారేయగలగాలి. తాడు మెడ చుట్టూ కాక చెవులకు తగిలేలా ఉండాలనీ, ముక్కుకూ నోటికీ గాలి ధారాళంగా ఆడాలనీ మాత్రం చూసుకోవాలి.

వెనుక జిగురు పట్టీ ఉండే రెండో రకం మీసాలకు బాగానే పనిచేస్తుంది. మీసం చిన్నది, దాని పై అంచు ముక్కు నీడలో పడుతుంది, కనుక లోపం దాగిపోతుంది. ముఖమంతా పరుచుకునే గడ్డానికి మాత్రం ఆ పట్టీ చెమటకు గంటలోపే లేచిపోతుంది. అయినా ఈ రకం గడ్డం మీ దగ్గర ఉంటే పారేయనక్కరలేదు. ఆ పట్టీని తీసేసి, వెనుక గుడ్డ అంచును వంకరటింకరగా కత్తిరించి, మంచి జిగురుతో అతికిస్తే ఒక మెట్టు పైకి వస్తుంది.

మూడోది విడి వెంట్రుకలను నేరుగా చర్మం మీద వరుసలుగా అతికించే పద్ధతి. దీనికి ఎక్కువగా వాడేది క్రేప్ ఉన్ని. గొర్రె ఉన్నిని దారాల చుట్టూ జడలాగా బిగించి అల్లి అమ్ముతారు. జడ విప్పగానే ఉన్ని ముడతలు ముడతలుగా ఉంటుంది కాబట్టి ఆవిరి పట్టి, లేదా తడిగుడ్డ కప్పి ఇస్త్రీ చేసి ఆ ముడతలను కొంత సడలించాలి. పూర్తిగా నిటారు చేయకూడదు, ఎందుకంటే మిగిలిన ఆ కాస్త వంపే గడ్డానికి జీవం. ఇంటి పైకప్పుకు పెంకులు పరిచినట్టు కింది వరుసను ముందు, పై వరుసను తర్వాత అతికించుకుంటూ రావాలి: మొదట చుబుకం అడుగున, తర్వాత చుబుకం ముందు, తర్వాత దవడ, చివరికి బుగ్గ. అలవాటు లేని చేతికి గంట పడుతుంది, ప్రతిసారీ మొదటి నుంచి చేయాలి. కానీ డబ్బు తక్కువ ఉన్నవారికి, ఓపిక ఎక్కువ ఉన్నవారికి దీన్ని మించినది లేదు; అంచు పూర్తిగా మీ చేతిలోనే ఉంటుంది.

నాలుగోది నెట్టు గడ్డం. సినిమాల్లో, పెద్ద రంగస్థలాల మీద కనిపించే నమ్మదగిన గడ్డాలు ఎక్కువగా ఇవే. చర్మం రంగులో ఉన్న సన్నని నెట్టు మీద, చిన్న కొక్కెం ఉన్న సూదితో వెంట్రుకను గడి లోంచి లాగి ముడి వేస్తారు. చుబుకం దగ్గర ఒక్కో ముడికి రెండు మూడు వెంట్రుకలు పట్టిస్తారు; బుగ్గ అంచుకు వచ్చేసరికి ముడికి ఒక్కటే వెంట్రుక, అది కూడా గళ్లు వదిలి వదిలి. వెంట్రుకల మధ్య నుంచి మీ సొంత చర్మం కనిపించడమే ఈ రకానికి ఉన్న గొప్పతనం. చేత్తో అల్లిన గడ్డానికి రోజుల పని పడుతుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఎక్కువసార్లు వాడే అవసరం ఉన్నా, కెమెరా దగ్గరగా వచ్చే అవకాశం ఉన్నా ఆ ధర వృథా కాదు. ఒక్క సాయంత్రం కోసమైతే నెట్టు మీసం ఒక్కటి కొని, గడ్డాన్ని క్రేప్ ఉన్నితో కట్టుకోవడం తెలివైన రాజీ, ఎందుకంటే ఎదుటివారి చూపు నిలిచేది మీసం దగ్గరే.

ఐదో మెట్టు: వెంట్రుక దేనితో చేసిందో తెలుసుకోవడం

మనిషి జుట్టుతో చేసినదే అన్నిటికంటే సహజంగా ఉంటుందని అనుకోవడం సబబే అనిపిస్తుంది, కానీ తల జుట్టు గడ్డానికి మరీ మెత్తన. పొడవైన గడ్డంలో అది నీరసంగా వేలాడుతుంది. జడల బర్రె వెంట్రుకకు బిరుసు, నిలకడ ఉంటాయి. రంగు బాగా పడుతుంది, ముఖ్యంగా తెల్లని, నెరిసిన గడ్డాలకు దానికి పేరుంది. చాలా మంచి గడ్డాల్లో ఈ రెండూ కలిపి అల్లుతారు. అంగోరా మేక ఉన్ని మెత్తగా, పలచగా ఉండే వృద్ధుల గడ్డాలకు నప్పుతుంది.

సింథటిక్ పోగు చౌక, తడిసినా ఆకారం చెడదు, కానీ మెరుస్తుంది. ఫ్లాష్ వెలుగు పడితే ప్లాస్టిక్ దారంలాగా తళుక్కుమంటుంది. ఈ మెరుపును కొంతవరకు అణచవచ్చు: డ్రై షాంపూ గానీ మెరుపులేని పౌడర్ గానీ పలచగా చల్లి, వేళ్లతో లోపలికి దులిపి, మిగిలినదాన్ని దువ్వి తీసేయాలి. సింథటిక్ పోగుల్లో చాలా రకాలు వేడికి కరిగిపోతాయి కనుక ఇస్త్రీ గానీ జుట్టు తిప్పే వేడి కర్ర గానీ తగిలించే ముందు అడుగున కనిపించని ఒక కుచ్చు మీద ప్రయత్నించి చూడాలి. అదే కారణం చేత కొవ్వొత్తులకూ సిగరెట్లకూ ఈ గడ్డాన్ని దూరంగా ఉంచాలి. ముఖానికి అతికి ఉన్న దాన్ని నిప్పు అంటుకుంటే క్షణంలో ఊడదీయడం కుదరదు.

ఆరో మెట్టు: రంగు

ఒకే రంగు గడ్డం ఎక్కడా ఉండదు. తల నల్లగా ఉన్నవారి గడ్డంలో కూడా గోధుమ, ఎర్రని ఛాయలు కలిసి ఉండవచ్చు, బుగ్గ అంచులు లేతగా, చుబుకం అడుగు ముదురుగా ఉండవచ్చు. కొనేటప్పుడు కనీసం రెండు మూడు ఛాయలు కలిసి అల్లినదాన్ని ఎంచుకోండి. అలాంటిది దొరకకపోతే మీ తల జుట్టు కంటే ఒక మెట్టు లేతగా ఉన్నది తీసుకోవడం క్షేమం, ఎందుకంటే ముదురు చేయడం సులభం, లేత చేయడం కష్టం. నిగనిగలాడే కటిక నలుపు గడ్డం ఎంత ఖరీదైనదైనా రంగు వేసుకున్న గడ్డంలాగే కనిపిస్తుంది.

నెరిసిన గడ్డం కావలసినప్పుడు బూడిద రంగు గడ్డం కొనవద్దు. నెరిసిన వెంట్రుక బూడిద రంగులో ఉండదు. తెల్లని వెంట్రుకలూ నల్లని వెంట్రుకలూ పక్కపక్కన కలిసి దూరానికి అలా కనిపిస్తాయి. పైగా నెరుపు అంతటా ఒకేలా రాదు: చాలామందికి చుబుకం మీద, పెదవుల మూలల కింద ముందు తెల్లబడి, మీసం చాలాకాలం నల్లగానే ఉంటుంది. నల్లని గడ్డం మీద ఆ చోట్ల మాత్రమే తెల్లరంగును పాత టూత్‌బ్రష్‌తో విడివిడి వెంట్రుకలకు పూస్తే వయసు పదేళ్లు పెరుగుతుంది.

రంగును దుకాణం దీపాల కింద నిర్ణయించవద్దు. ఒక దీపం కింద సరిగ్గా కలిసిన రెండు రంగులు మరో దీపం కింద విడిపోతాయి. గడ్డాన్ని మీ కిరుదాల పక్కన పెట్టుకుని ఒకసారి పగటి వెలుగులో, మరోసారి మీరు వేషం వేయబోయే చోట ఉండే లైట్లలాంటి వాటి కింద చూడాలి. కిరుదా, అంటే చెవి ముందు దిగే సొంత జుట్టు, గడ్డంతో కలిసే చోటే రంగు తేడా బయటపడుతుంది. ఆ అతుకు దగ్గర సొంత జుట్టును గడ్డం మీదికి దువ్వుకునేంత పొడవు ఉంచుకోవడం మంచిది. కళ్లద్దాలు వేషానికి అతికేవైతే వాటి కాడలు కూడా ఈ అతుకును బాగా కప్పుతాయి.

ఏడో మెట్టు: కొలతలూ చేతి పరీక్షలూ

మెత్తని టేపుతో నాలుగు కొలతలు తీసుకోండి: ఒక చెవి ముందు నుంచి దవడ అంచు వెంట చుబుకం మీదుగా రెండో చెవి ముందు వరకు, కింది పెదవి అంచు నుంచి చుబుకం కొన వరకు, నోరు మూసినప్పుడు పెదవుల మూలల మధ్య వెడల్పు, ముక్కు అడుగు నుంచి పై పెదవి అంచు వరకు. రెండో కొలతను నోరు బాగా తెరిచి మళ్లీ తీసుకోండి. ఆ రెండింటి తేడాను గడ్డం తట్టుకోవాలి. మీసం విషయంలో చివరి కొలతే కీలకం. మీసం వెనుక నెట్టు పెదవి ఎర్రని అంచును తాకితే ప్రతి మాటకూ లేస్తుంది.

గడ్డం చేతికి వచ్చాక మొదట దాన్ని తిరగేసి చూడండి. వెనుక గుడ్డ కనిపిస్తోందా, నెట్టు కనిపిస్తోందా, అంచుకు వచ్చేసరికి ముడులు పలచబడుతున్నాయా అన్నది అక్కడే తెలుస్తుంది. తర్వాత అంచును మీ ముంజేతి వెనుక పరిచి, చేయి పూర్తిగా చాచి చూడండి. నెట్టు ఎక్కడ ముగిసిందో ఆ దూరంలో కూడా కన్ను పట్టుకుంటే అది మీ చర్మానికి సరిపోలేదన్నమాట. నెట్టు మరీ తెల్లగా ఉంటే అది పెద్ద దోషం కాదు. పాలు లేని టీ డికాషన్‌లో కాసేపు ముంచి ఆరబెడితే లేత గోధుమ ఛాయ వస్తుంది, లేదా అతికించాక పలచగా ఫౌండేషన్ అద్దవచ్చు. ఆ తర్వాత రెండు వేళ్లతో కొన్ని వెంట్రుకలు పట్టి మెల్లగా లాగండి. ఒకటి రెండు రాలడం సహజం. కుచ్చు కుచ్చుగా వస్తే తిరిగి పంపేయండి.

ఫోటో చూసి తెప్పించుకునేవారు ఒక్కటి గమనించాలి. ఎదురుగా తీసిన ఫోటో ఏదీ నిజం చెప్పదు. పక్క నుంచి, బుగ్గ అంచు దగ్గరగా తీసిన ఫోటో లేకపోతే, వెనుక భాగం చూపించకపోతే అందులో చూపించదగ్గది లేదనే అనుకోవాలి. నేను ఒకసారి ముందు ఫోటో అందం చూసి తెప్పించుకున్న గడ్డానికి వెనుక అర సెంటీమీటరు మందం ఫెల్టు గుడ్డ ఉంది. దాన్ని ఇప్పుడు బూట్లు తుడవడానికి వాడుతున్నాను, ఆ పనికి మాత్రం అది చాలా నాణ్యమైనది.

ఎనిమిదో మెట్టు: జిగురు

గడ్డంతో పాటే జిగురునూ ఎంచుకోవాలి. స్పిరిట్ గమ్ చెట్ల బంకను ఆల్కహాల్‌లో కరిగించి చేసేది. రంగస్థలం మీద ఎంతోకాలంగా వాడుకలో ఉంది, త్వరగా పడుతుంది, కానీ ఘాటైన వాసన, కొందరికి మంట, ఆరాక కొంచెం మెరుపు. అది నిప్పును ఇట్టే అంటుకునే పదార్థం కూడా. నీటి ఆధారంగా చేసే ఆక్రిలిక్ జిగురు పాలలాగా తెల్లగా ఉండి, ఆరేసరికి పారదర్శకమవుతుంది, సున్నితమైన చర్మానికి ఎక్కువగా సరిపోతుంది. సిలికాన్ జిగురు చెమటకు బాగా తట్టుకుంటుంది, అయితే దానికి దాని సొంత తొలగింపు ద్రవం తప్పనిసరి. ద్రవ లేటెక్స్, అంటే రబ్బరు పాలు, అది పడనివారికి ప్రమాదకరం, వెంట్రుకల్లో చిక్కుకుంటే వదలదు. గడ్డానికి దాన్ని నేను సిఫారసు చేయను. ఇంట్లో ఉన్న ఫెవికాల్, సూపర్ గ్లూ లాంటివి ముఖం మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు.

గడ్డానికి తప్పు జిగురు వాడటం ఎంత దూరం వెళ్తుందో ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. ప్రాచీన ఈజిప్టు ఫారోలకు పెట్టుడు గడ్డం రాజచిహ్నం. రాణిగా కాక రాజుగా పాలించిన హాట్షెప్సుట్‌ను కూడా శిల్పాల్లో ఆ గడ్డంతోనే చూపించారు. అప్పట్లో కైరో మ్యూజియంలో ఉన్న, టుటన్‌ఖామున్ అనే ఫారో బంగారు ముసుగు గడ్డం 2014లో ఊడిపోతే దాన్ని ఎపాక్సీతో అతికించారు, ఆ జిగురు బయటికి కనిపించి పెద్ద వివాదమైంది. 2015లో నిపుణులు ఎపాక్సీని జాగ్రత్తగా తొలగించి తేనెమైనంతో మళ్లీ అతికించారు. మూడు వేల ఏళ్లకు పైబడిన బంగారు ముఖానికే అంత శ్రద్ధ అవసరమైతే, మన చర్మం సంగతి చెప్పేదేముంది.

ఏ జిగురైనా ముంజేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత మేర పూసి, కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు చూడాలి. ఎరుపు, దురద, పొక్కులు కనిపిస్తే ఆ జిగురును పక్కన పెట్టండి. తొలగించే ద్రవాన్ని కూడా ఇలాగే పరీక్షించాలి, చాలామందికి మంట పుట్టించేది జిగురు కాదు, అదే.

తొమ్మిదో మెట్టు: ముందుగా ఒక్కసారి పెట్టి చూడటం

కొన్న గడ్డం కొన్నట్టుగా ఎవరికీ నప్పదు. వేషం రోజుకు కనీసం రెండు మూడు రోజుల ముందే ముఖం మీద పెట్టి కత్తిరించుకోవాలి. కత్తెరను అడ్డంగా పట్టి ఒకే గీతలో కోస్తే చీపురు కొసలాగా తయారవుతుంది; కత్తెర మొనను వెంట్రుకల దిశలో నిలువుగా పట్టి, కొద్దికొద్దిగా కొసలను కత్తిరించాలి. బుగ్గ భాగంలో పలచబరిచే పళ్ల కత్తెర వాడి, వెంట్రుకలను తగ్గించాలి. తయారుగా దొరికే గడ్డాల్లో దాదాపు అన్నిటికీ మూడోవంతు వెంట్రుకలు ఎక్కువే ఉంటాయని నా అనుభవం. ఎంత డబ్బు పెట్టి కొన్నామన్న ఆలోచనతో చేయి వెనక్కి తగ్గుతుంది, కానీ తీసేసిన ప్రతి కుచ్చుతోనూ గడ్డం నిజానికి దగ్గరవుతుంది. అదనపు నెట్టును కూడా తిన్నగా కాక వంకరటింకరగా, ముడుల నుంచి కొద్ది మిల్లీమీటర్ల దూరంలో కత్తిరించాలి. తిన్నని అంచును కన్ను వెంటనే పట్టుకుంటుంది.

అతికించే ముందు ముఖాన్ని నున్నగా గీసుకోవాలి, అయితే అతికించే వేళకు కొన్ని గంటల ముందే ఆ పని ముగించాలి. అప్పుడే గీసిన చర్మానికి జిగురు తగిలితే కారం పూసినట్టు ఉంటుంది. జిడ్డు పోయేలా ముఖం కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. జిగురును గడ్డానికి కాక చర్మానికి, అంచుల వెంట పలచగా పూసి, వేలు ఆనిస్తే తీగపాకంలా సాగేవరకు ఆగాలి. తడిగా ఉండగానే అతికిస్తే గడ్డం జారుతుంది, జిగురు వెంట్రుకల్లోకి పాకుతుంది. మొదట చుబుకం మధ్య భాగాన్ని సరిగ్గా నిలిపి, అక్కడి నుంచి దవడ వెంట చెవుల వైపు నొక్కుకుంటూ వెళ్లాలి. మీసాన్ని చివరికి, మధ్య గాడి నుంచి పక్కలకు అతికించాలి. నొక్కడానికి పీచు రాలని తడి గుడ్డ వాడితే వేళ్లకు అంటుకోదు.

ఇక్కడ నా పరువు తీసిన ఒక సంగతి చెప్పక తప్పదు. మొదటిసారి ముసలి పాత్ర వేసినప్పుడు నోరు బిగించి, అద్దం ముందు ఎంతో గంభీరంగా కూర్చుని గడ్డం అతికించుకున్నాను. అంతా అద్భుతంగా ఉంది. వేదిక మీదికి వెళ్లి మొదటి మాటకు నోరు తెరవగానే చుబుకం కింద టప్పుమని చిన్న చప్పుడైంది, గడ్డం కింది అంచు ఊడి ముందుకు లేచింది. మిగిలిన సన్నివేశమంతా దీర్ఘాలోచనలో ఉన్నవాడిలా చుబుకాన్ని చేత్తో పట్టుకునే మాట్లాడాను. నటన బాగుందని కొందరు మెచ్చుకున్నారు కూడా. అప్పటి నుంచి నోరు సగం తెరిచి, దవడను కొంచెం కిందికి దించి ఉంచే అతికిస్తున్నాను. జిగురు పట్టాక ఆవలించి, నవ్వి, పళ్లు ఇకిలించి, ఎక్కడ లాగుతోందో చూసుకుంటే ఆ చోట రెండో పూత పూయవచ్చు.

అంచు ఇంకా తెలుస్తుంటే దాని అవతల చర్మం మీద సన్నని పెన్సిల్‌తో నాలుగైదు వెంట్రుక గీతలు, వెంట్రుకలు పెరిగే దిశలోనే, దిద్దండి. మెరుస్తున్న జిగురు మీద పౌడర్ అద్దండి. వెంట జేబులో చిన్న జిగురు సీసా, దూది పుల్లలు, చేతి అద్దం, పౌడర్ ఉంచుకోవాలి. ముందుగా చెమట పట్టేది పై పెదవి మీదే కనుక మొదట లేచేదీ మీసమే. తాగడానికి స్ట్రా వాడితే దాని ఆయుష్షు పెరుగుతుంది.

తీసేటప్పుడు లాగవద్దు. తొలగించే ద్రవంలో ముంచిన కుంచెను అంచు కిందికి కొద్దికొద్దిగా దూరుస్తూ, జిగురు దానంతట అది వదిలేవరకు ఓపిక పట్టాలి. ద్రవం కళ్లలోకీ నోట్లోకీ పోకుండా తల కొంచెం ముందుకు వంచి ఉంచండి. తర్వాత ముఖాన్ని సబ్బుతో కడిగి తేమ నిలిపే క్రీము రాసుకోవాలి. గడ్డాన్ని బోర్లా పెట్టి, నెట్టు మీద మిగిలిన జిగురును అదే ద్రవంతో, కింద పాత తువ్వాలు పరిచి, మెత్తని బ్రష్‌తో తట్టి తట్టి కరిగించండి. రుద్దితే ముడులు వదులవుతాయి. ఆరిన గడ్డాన్ని మడవకుండా, చుబుకం ఆకారం చెడకుండా లోపల టిష్యూ కాగితం ఉండ పెట్టి, గట్టి పెట్టెలో ఉంచండి.